లై ఎక్కడ, లే ఎక్కడ? తికమక పెట్టే ఒక ఇంగ్లీషు క్రియను సరిగ్గా వాడటం ఎలా

ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు కూడా తడబడే చోటు ఒకటుంది. "కాసేపు పడుకుంటాను" అని చెప్పాలి. "ఐ విల్ లై డౌన్" అనాలా, "ఐ విల్ లే డౌన్" అనాలా? చాలామంది రెండోది అనేస్తారు. పుట్టినప్పటి నుంచి ఇంగ్లీషే మాట్లాడేవాళ్లలోనూ బోలెడుమంది అలాగే అంటారు కాబట్టి సినిమాల్లో, సిరీస్‌ల్లో అదే వినిపిస్తుంది, మన చెవికి అదే అలవాటవుతుంది. కబుర్లు చెప్పుకునేటప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. పరీక్ష పేపర్లోనో, ఉద్యోగం కోసం రాసే ఉత్తరంలోనో, అచ్చయ్యే వ్యాసంలోనో రాస్తే మాత్రం తప్పుకిందే లెక్క.

ఈ ఒక్క క్రియ విషయంలో ఇంగ్లీషువాళ్ల కంటే తెలుగువాళ్లకే పని తేలిక అని నేనంటాను. వాళ్ల భాషలో దాదాపు చెరిగిపోయిన ఒక తేడా మన నోట్లో రోజూ ఆడుతూనే ఉంది. దాన్ని ఇక్కడ వాడుకోవచ్చని ఎవరూ చెప్పకపోవడం వల్లే మనం కూడా వాళ్లలాగే తికమక పడుతున్నాం.

మొదటి మెట్టు: రెండు క్రియల్ని విడదీయండి

ఎల్-ఐ-ఈ అని రాసేది లై. పడుకొను, పడి ఉండు, ఒకచోట ఉండు అని దీని అర్థాలు. మనిషి మంచం మీద పడుకుంటాడు. తాళంచెవి సోఫా కింద పడి ఉంటుంది. ఊరు నది ఒడ్డున ఉంటుంది. తప్పు ఎక్కడో లెక్కల్లో ఉంటుంది. వీటన్నిటికీ లై సరిపోతుంది. ఇందులో ఎవరూ దేన్నీ ఏమీ చేయడం లేదు. ఉన్నది ఉన్నచోట ఉంది, అంతే.

ఎల్-ఏ-వై అని రాసేది లే. పెట్టు, ఉంచు, పరుచు, పడుకోబెట్టు అని దీని అర్థాలు. ఇక్కడ ఒకరు ఇంకొకదాన్ని ఏదో చేస్తున్నారు. తల్లి బిడ్డను పడుకోబెడుతుంది. మేస్త్రీ ఇటుకలు పేరుస్తాడు. పనివాళ్లు కేబుల్ వేస్తారు. కోడి గుడ్డు పెడుతుంది. ఈ కోడి వాక్యాన్ని గట్టిగా గుర్తుంచుకోండి. "ది హెన్ లేస్ ఎగ్స్" అన్నప్పుడు తెలుగులోనూ మనం "పెట్టడం" అనే అంటాం. ఇంగ్లీషు లే, తెలుగు పెట్టు ఇంత చక్కగా అతికే వాక్యం ఇంకొకటి దొరకడం కష్టం.

వ్యాకరణం చదువుకున్నవాళ్లకు ఒక్క మాటలో చెప్పాలంటే లై అకర్మకం, లే సకర్మకం. ఈ పేర్లు గుర్తులేకపోయినా నష్టం లేదు.

(మనం "లే" అంటే పడుకున్నవాడు లేస్తాడు, ఇంగ్లీషువాళ్లు లే అంటే లేచినవాణ్ణి పడుకోబెడతారు. ఇది కాకతాళీయమే. కొందరికి మాత్రం ఈ విడ్డూరం వల్లే మాట బాగా గుర్తుండిపోతుంది.)

రెండో మెట్టు: వాక్యాన్ని ముందు తెలుగులో అనుకోండి

ఇంగ్లీషు నేర్పేవాళ్లు మామూలుగా "తెలుగులో ఆలోచించొద్దు, నేరుగా ఇంగ్లీషులోనే ఆలోచించు" అంటారు. ఈ క్రియ దగ్గర ఆ సలహాను పక్కన పెట్టేయండి.

తెలుగులో ఉండు, ఉంచు అని రెండున్నాయి. అలాగే దిగు, దించు. పెరుగు, పెంచు. చేరు, చేర్చు. పడుకొను, పడుకోబెట్టు. మొదటిది దానంతటది జరిగేది, రెండోది ఒకరు జరిపించేది. "నేను బస్సు దించాను" అని ఏ తెలుగు పిల్లాడూ అనడు. "జుట్టు పెంచింది" అంటే ఎవరో కావాలని పెంచారనీ, "జుట్టు పెరిగింది" అంటే అదే పెరిగిందనీ మనకు ఎవరూ నేర్పకుండానే తెలుసు. లై, లే మధ్య ఉన్న తేడా సరిగ్గా ఇదే. లై అంటే ఉండు. లే అంటే ఉంచు.

కాబట్టి రాయబోయే వాక్యాన్ని ముందు మనసులో తెలుగులో అనుకోండి. అందులో ఉండు, పడుకొను, పడి ఉండు, పరుచుకొని ఉండు లాంటివి వస్తే లై వైపు వెళ్లండి. ఉంచు, పెట్టు, పరుచు, వేయు, పేర్చు, పడుకోబెట్టు లాంటివి వస్తే లే వైపు వెళ్లండి.

"కుక్క గుమ్మంలో పడుకుంటుంది." పడుకొను వచ్చింది కాబట్టి "ది డాగ్ లైజ్ ఎట్ ది డోర్".

"వాళ్లు రేపు కార్పెట్ పరుస్తారు." పరుచు వచ్చింది కాబట్టి "దే విల్ లే ది కార్పెట్ టుమారో".

"కొండల వెనక లోయ పరుచుకొని ఉంది." ఇక్కడ పరుచుకొను. లోయను ఎవరూ పరచలేదు. కాబట్టి "ఎ వ్యాలీ లైజ్ బిహైండ్ ది హిల్స్".

"ఇప్పుడు అసలు కష్టం ముందుంది." ఉండు వచ్చింది. "ది రియల్ డిఫికల్టీ లైజ్ అహెడ్".

ఇంకా అనుమానంగా ఉంటే పుట్ అనే మాటను ఆ చోట పెట్టి చూడండి. "దే విల్ పుట్ ది కార్పెట్" అన్నా వాక్యం నిలబడుతుంది కాబట్టి అక్కడ లే సరైనది. "ది డాగ్ పుట్స్ ఎట్ ది డోర్" అంటే అర్థం లేదు. దేన్ని పెడుతోంది? జవాబు లేదు. కాబట్టి అక్కడ లై.

కుక్కకు చెప్పేటప్పుడు కూడా "లై డౌన్" అనే చెప్పాలి. "లే డౌన్" అంటే దేన్నో కింద పెట్టమని దానికి చెప్పినట్టు. కుక్కకు వ్యాకరణం పట్టదు, ఏది నేర్పితే అదే నేర్చుకుంటుంది. వింటున్న మనుషులతోనే ఇబ్బంది.

మూడో మెట్టు: తెలుగు మోసం చేసే మూడు చోట్లు తెలుసుకోండి

తెలుగు పరీక్ష తొంభై పాళ్లు పనిచేస్తుంది. మిగిలిన పది పాళ్లలో తెలుగే తప్పుదారి పట్టిస్తుంది.

మొదటిది, "ను", "ని" ప్రత్యయాల సంగతి. సకర్మక క్రియకు కర్మ ఉంటుంది, కర్మకు "ని" ఉంటుంది అని బళ్లో నేర్చుకుని వాక్యంలో "ని" కోసం వెతికేవాళ్లున్నారు. మనుషుల విషయంలో అది ఉంటుంది, "బిడ్డను పడుకోబెట్టాను" అంటాం. వస్తువుల విషయంలో మనం దాన్ని హాయిగా వదిలేస్తాం. "పుస్తకం బల్ల మీద పెట్టాను" అనే వాక్యంలో "ని" లేదు. అయినా పుస్తకం కర్మే. కాబట్టి ప్రత్యయం కోసం వెతకొద్దు, "ఏం పెట్టావు?" అని అడగండి. జవాబు వస్తే లే. "ఆమె దిండు మీద తల పెట్టుకుంది" అన్నప్పుడు కూడా "ఏం పెట్టుకుంది?" అంటే "తల" అని జవాబు ఉంది. కాబట్టి "షీ లెయిడ్ హర్ హెడ్ ఆన్ ది పిల్లో".

రెండోది ఇంకా సూక్ష్మం. "పుస్తకం బల్ల మీద పెట్టి ఉంది" అంటాం కదా. ఇందులో పెట్టు ఉంది కాబట్టి లే అనిపిస్తుంది. చివర "ఉంది" అని కూడా ఉంది. ఏది చూడాలి? చివరిదే చూడండి. మీరు చెప్పదలుచుకున్నది పుస్తకం ఎక్కడ ఉందన్నదే అయితే "ది బుక్ ఈజ్ లైయింగ్ ఆన్ ది టేబుల్". ఎవరో పనిగట్టుకుని పెట్టారన్నది ముఖ్యమైతే "ది బుక్ హ్యాజ్ బీన్ లెయిడ్ ఆన్ ది టేబుల్" అనొచ్చు. "ది బుక్ ఈజ్ లేయింగ్ ఆన్ ది టేబుల్" మాత్రం కుదరదు. అదేమీ కోడి కాదు.

మూడోది "పడుకున్నాడు" అనే మాట. ఫోన్లో "ఆయన ఏం చేస్తున్నాడు?" అంటే "పడుకున్నాడు" అంటాం. రూపం చూస్తే గడిచిపోయిన కాలం. అర్థం మాత్రం ఇప్పుడు పడుకుని ఉన్నాడని. అదే మాటను "రాత్రి పదింటికి పడుకున్నాడు" అంటే నిజంగా జరిగిపోయిన పని. ఇంగ్లీషులో ఈ రెండింటికీ ఒకే రూపం పనికిరాదు. మొదటిదానికి "హీ ఈజ్ లైయింగ్ డౌన్", రెండోదానికి "హీ లే డౌన్ ఎట్ టెన్".

ఆ చివరి వాక్యం దగ్గర ఎవరైనా ఆగిపోతారు. "లే డౌన్" తప్పని ఇప్పటిదాకా చెప్పి, ఇప్పుడు అదే రాయడమేమిటి? ఈ తికమకకంతా మూలం అదే.

నాలుగో మెట్టు: రూపాలు బట్టీ పట్టండి

అవును, బట్టీయే. దీనికి అడ్డదారి లేదు. లై క్రియకు భూతకాల రూపం లే. లే క్రియకు భూతకాల రూపం లెయిడ్. అంటే ఎల్-ఏ-వై అనే ఒకే మాట రెండు వేర్వేరు క్రియల్లో రెండు వేర్వేరు కాలాల్లో కనిపిస్తుంది.

లై (పడుకొను): ఈరోజు లై, నిన్న లే, హ్యావ్ తర్వాత లెయిన్, జరుగుతూ ఉంటే లైయింగ్.

లే (పెట్టు): ఈరోజు లే, నిన్న లెయిడ్, హ్యావ్ తర్వాత లెయిడ్, జరుగుతూ ఉంటే లేయింగ్.

లై (అబద్ధమాడు): ఈరోజు లై, నిన్న లైడ్, హ్యావ్ తర్వాత లైడ్, జరుగుతూ ఉంటే లైయింగ్.

మూడోది చుట్టం కాదు, పేరు మాత్రమే కలిసింది. పడుకొను అనే లై పాత ఇంగ్లీషులోని ఒక క్రియ నుంచి వస్తే, అబద్ధమాడు అనే లై ఇంకొక క్రియ నుంచి వచ్చింది. కాలక్రమంలో ఉచ్చారణ, స్పెల్లింగ్ రెండూ ఒకటైపోయాయి. అందుకే "ఐ లైడ్ ఆన్ ది బెడ్" అని రాస్తే "మంచం మీద అబద్ధమాడాను" అని అర్థం వస్తుంది. లే వద్దని భయపడి లైడ్ దగ్గరికి పారిపోయేవాళ్లు చేసే తప్పు ఇది. పెనం మీద నుంచి పొయ్యిలో పడటం అంటే ఇదే.

స్పెల్లింగుల విషయానికొస్తే, లైయింగ్ రాసేటప్పుడు ఐ-ఈ పోయి వై వస్తుంది. డైయింగ్, టైయింగ్ లాగే. లెయిడ్ అనేది ఎల్-ఏ-ఐ-డీ. పే నుంచి పెయిడ్, సే నుంచి సెడ్ ఎలా రాస్తామో అలాగే. ఎల్-ఏ-వై-ఈ-డీ అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ప్రామాణిక ఇంగ్లీషులో దాన్ని తప్పుగానే చూస్తారు.

ఇప్పుడు రాసేటప్పుడు పాటించాల్సిన వరుస. ముందు క్రియ ఏదో తేల్చుకోండి, తర్వాతే కాలం చూడండి. ఎక్కువమంది దీన్ని తలకిందులుగా చేస్తారు. నిన్నటి సంగతి అనగానే చేయి లెయిడ్ వైపు వెళ్లిపోతుంది, ఎందుకంటే చివర "డ్" శబ్దం ఉంటే భూతకాలంలా అనిపిస్తుంది. "నిన్న మధ్యాహ్నం గంటసేపు పడుకున్నాను" అనే వాక్యం తీసుకోండి. క్రియ ఏది? పడుకొను, కాబట్టి లై. కాలం ఏది? నిన్న, కాబట్టి దాని భూతకాలం లే. "ఐ లే డౌన్ ఫర్ యాన్ అవర్ యెస్టర్‌డే ఆఫ్టర్‌నూన్". చెవికి వింతగా ఉంటుంది, అయినా ఇదే సరైనది.

లెయిన్ అనే రూపం గురించి ఒక మాట. "ది లెటర్ హ్యాజ్ లెయిన్ దేర్ ఫర్ ఇయర్స్" అన్నది వ్యాకరణం ప్రకారం నిక్షేపంగా ఉంది. అయితే ఇప్పటి ఇంగ్లీషులో ఈ రూపం చాలా అరుదు, మాట్లాడేటప్పుడు వాడితే పుస్తకం చదువుతున్నట్టు ఉంటుంది. నేనైతే "హ్యాజ్ బీన్ లైయింగ్" అని రాస్తాను. అర్థం మారదు, ఎవరూ వేలెత్తి చూపరు. పరీక్షలో ఖాళీ పూరించమంటే మాత్రం లెయిన్ రాయక తప్పదు.

ఐదో మెట్టు: ఈ పుట్టుక కథ చదవండి, రూపాలు వాటంతటవే గుర్తుంటాయి

ఈ భాగం తొందరలో ఉన్నవాళ్లు వదిలేయొచ్చు. వదిలేయకపోతేనే మంచిది, ఎందుకంటే పైన బట్టీ పట్టమన్నదానికి కారణం ఇక్కడే ఉంది.

సుమారు వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో పడుకొను అనేదానికి "లిజ్జన్" అనీ, పడుకోబెట్టు అనేదానికి "లెజ్జన్" అనీ దగ్గర దగ్గరగా పలికే రెండు క్రియలుండేవి. "అతడు" పక్కన వచ్చేటప్పుడు ఆ "జ్జ" శబ్దం ఉండేది కాదు, "య" లాంటి మెత్తటి శబ్దం వచ్చేది. ఇప్పటి లై, లే ఆ మెత్తటి రూపాల నుంచి వచ్చినవే.

ఇంకా వెనక్కి వెళితే ఇంగ్లీషు, జర్మన్, డచ్, స్వీడిష్ భాషలన్నిటికీ తల్లి అయిన పాత జర్మానిక్ భాష ఉంది. దానికి రాతలు దాదాపు లేవు, కూతురు భాషల్ని పోల్చి పండితులు దాని రూపాల్ని తిరిగి కట్టారు. ఆ లెక్క ప్రకారం పడుకొను అనేది "లిగ్-", దాని భూతకాలం "లగ్". చేయించే క్రియ కావాలంటే భూతకాలంలో ఉన్న ఆ "అ" అచ్చునే తీసుకుని చివర ఒక ప్రత్యయం తగిలించేవారు. అలా "లగ్" నుంచి "లగ్యన్" పుట్టింది. అదే పడుకోబెట్టు. మనం దిగు నుంచి దించు చేసుకున్నట్టే వాళ్లూ చేసుకున్నారు.

అంటే లై క్రియ భూతకాలమూ, లే క్రియ వర్తమానకాలమూ మొదటి నుంచీ ఒకే అచ్చును పంచుకున్నాయి. పాత ఇంగ్లీషు నాటికి ఉచ్చారణలో కాస్త దూరమయ్యాయి. తర్వాత మధ్యయుగపు ఇంగ్లీషులో మళ్లీ దగ్గరై పూర్తిగా ఒకటైపోయాయి. మనల్ని ఏడిపిస్తున్న ఎల్-ఏ-వై కథ ఇది.

ఇందులో పనికొచ్చే సూత్రం ఇంకొకటి ఉంది. ఆ కుటుంబపు భాషల్లో అసలు క్రియలు భూతకాలంలో లోపలి అచ్చును మార్చుకుంటాయి. చేయించే క్రియలు అచ్చు జోలికి పోకుండా చివర "డ్" తగిలించుకుంటాయి. లై, లే, లెయిన్ అని అచ్చు మారింది. లే, లెయిడ్ అని "డ్" వచ్చింది. ఇదే జంట ఇంగ్లీషులో ఇంకొన్ని చోట్ల కూడా ఉంది, మన జంటలతో చక్కగా కలుస్తుంది కూడా. రైజ్ అంటే లేచు, రెయిజ్ అంటే లేపు. సిట్ అంటే కూర్చొను, సెట్ మొదట్లో కూర్చోబెట్టు. ఫాల్ అంటే కూలు, ఫెల్ అంటే కూల్చు, ముఖ్యంగా చెట్లను. డ్రింక్ అంటే తాగు, డ్రెంచ్ అంటే ఒకప్పుడు తాగించు, ఇప్పుడు తడిసి ముద్దయ్యేలా చేయు. రోజ్, శాట్, డ్రాంక్ అని మొదటివన్నీ అచ్చు మార్చుకున్నాయి. రెయిజ్డ్, ఫెల్డ్, డ్రెంచ్‌డ్ అని రెండోవి డ్, ట్ శబ్దాలతో ముగిశాయి. సెట్ ఒక్కటే మినహాయింపు, అసలు దాని చివర్లోనే "ట్" ఉంది కాబట్టి ఇంకొకటి చేర్చుకోలేదు.

ఫాల్, ఫెల్ జంటను ఒకసారి పరీక్షగా చూడండి. ఫాల్ భూతకాలం ఫెల్. కూల్చు అనే క్రియ వర్తమానం కూడా ఫెల్. లై, లే దగ్గర ఉన్న ఇరకాటమే ఇక్కడా ఉంది. అయినా దీని దగ్గర ఎవరూ తడబడరు, ఎందుకంటే చెట్లు కూల్చడం గురించి మనం రోజూ మాట్లాడం. పడుకోవడం గురించి రోజూ మాట్లాడతాం.

జర్మన్‌లో ఇప్పటికీ లీగెన్, లేగెన్ అనీ, డచ్‌లో లిగ్గెన్, లెగ్గెన్ అనీ ఈ జంట ఉంది. ఇంగ్లీషులోనే ఎందుకు కలగాపులగమైంది? రూపాలు ఒకటైపోవడం ఒక కారణం. ఇంకొకటి, పాతకాలంలో "ఐ లే మీ డౌన్" అనేవారు. నన్ను నేను పడుకోబెట్టుకుంటాను అని. అందులో "మీ" కర్మ కాబట్టి లే సరైనదే. ఆ "మీ" జారిపోతే మిగిలేది "ఐ లే డౌన్". మన పడుకొను కూడా పడు పక్కన కొను చేరి పుట్టిందే కదా, తన పని తనకే చేసుకోవడం. వాళ్లు ఆ "కొను" పారేసుకున్నారనుకోండి.

ఇంకో సంగతి. లై రావాల్సిన చోట లే వాడటం నిన్న మొన్నటిది కాదు. 14వ శతాబ్దం నుంచే రాతల్లో కనిపిస్తుంది, పేరున్న కవులు కూడా అలా రాశారు. సుమారు 1770 దాకా దాన్ని తప్పని ఎవరూ అనలేదు. ఆ తర్వాతే వ్యాకరణ పుస్తకాలు పట్టుకున్నాయి, ఇప్పటికీ వదల్లేదు. అందుకే ఎవరైనా మాటల్లో "లే డౌన్" అంటే అక్కడికక్కడే దిద్దడం నాకు నచ్చదు. రాసేది మన పని, అందులో జాగ్రత్త పడితే చాలు.

ఈ వేరు నుంచి పుట్టిన మాటలు కూడా చూడదగ్గవి. లా, అంటే చట్టం. అది వైకింగ్‌ల భాష నుంచి 1066కు ముందే ఇంగ్లీషులో చేరింది, అసలు అర్థం "వేసి ఉంచినది, స్థిరపరచినది". లెడ్జర్ అంటే కదలకుండా ఒకేచోట ఉండే పెద్ద పుస్తకం. లెయిర్ అంటే జంతువు పడుకునే చోటు. ఫెలో కూడా ఇక్కడిదే అంటే నమ్మబుద్ధి కాదు. వైకింగ్‌ల భాషలో అది "సొమ్ము పెట్టినవాడు", అంటే వ్యాపారంలో భాగస్వామి. లేమ్యాన్‌లోని లే మాత్రం వీటిలో చేరదు, అది గ్రీకు మూలం నుంచి వచ్చిన వేరే మాట.

ఆరో మెట్టు: పడికట్టు మాటల్ని కట్టగానే నేర్చుకోండి

నుడికారాల్లో ప్రతిసారీ పరీక్ష పెట్టుకుంటూ కూర్చోలేం. తరచుగా వచ్చేవి కొన్ని నోటికి పట్టిస్తే సరిపోతుంది.

లే పక్కన ఎప్పుడూ ఒక వస్తువో విషయమో ఉంటుంది: లే ది ఫౌండేషన్, లే ది టేబుల్, లే ఎ ట్రాప్, లే ది బ్లేమ్, లే క్లెయిమ్, లే డౌన్ రూల్స్. ఉద్యోగాలు తీసేయడాన్ని లే ఆఫ్ అంటారు. "కంపెనీ నన్ను తీసేసింది" అనడానికి "ఐ వాజ్ లెయిడ్ ఆఫ్" అనాలి. పార్లమెంటులో పత్రాలు సభ ముందు ఉంచితే "లెయిడ్ ఆన్ ది టేబుల్" అని రాస్తారు. ఉంచు ఉంది చూశారా.

లై పక్కన మామూలుగా చోటు ఉంటుంది: లై ఇన్, లై బిహైండ్, లై అహెడ్, లై విత్. "నిర్ణయం మీ చేతుల్లో ఉంది" అంటే "ది డెసిషన్ లైజ్ విత్ యూ". కోర్టు భాషలో ఫలానా తీర్పు మీద ఫలానా కోర్టుకు అప్పీలు ఉంటుంది అనడానికి "యాన్ అప్పీల్ లైజ్ టు" అని రాస్తారు. మన లాయర్లు కూడా తెలుగులో "అప్పీలు ఉంటుంది" అనే అంటారు.

రెండింటితోనూ వచ్చి అర్థం తేడా పడేవి ప్రమాదకరం. లై లో అంటే కొన్నాళ్లు ఎవరికీ కనబడకుండా తలదాచుకోవడం. లే లో అంటే ఒకరిని పడగొట్టడం, జబ్బు మనిషిని మంచం పట్టించడం. ఒక ప్రదేశం తీరుతెన్నుల్ని బ్రిటన్‌లో "లై ఆఫ్ ది ల్యాండ్" అంటారు, అమెరికాలో "లే ఆఫ్ ది ల్యాండ్" అంటారు. రెండూ సరైనవే, ఒకే రచనలో రెండూ కలపకండి.

ముందు ఇంకో ముక్క చేరిన క్రియలు తల్లి క్రియ దారిలోనే నడుస్తాయి. మిస్‌లే, అంటే ఎక్కడో పెట్టి మరిచిపోవడం, లే లాంటిది కాబట్టి మిస్‌లెయిడ్. వేలే, అంటే దారి కాచి అడ్డగించడం, వేలెయిడ్. అండర్‌లై, అంటే అడుగున ఉండటం, లై లాంటిది కాబట్టి భూతకాలం అండర్‌లే. దీన్ని అండర్‌లైయింగ్ రూపంలోనే ఎక్కువగా చూస్తాం. అండర్‌లేయింగ్ అని రాస్తే నేలమీద తివాచీ కింద ఇంకేదో పరుస్తున్నట్టు.

ఏడో మెట్టు: ఈ వాక్యాలతో చేయి తిప్పండి

కింద జవాబులున్నాయి, ముందే చూడకండి. ఒక్కో వాక్యానికి ముందు క్రియ, తర్వాత కాలం.

ఒకటి: "డాక్టర్ నన్ను వెల్లకిలా పడుకోమన్నారు."
రెండు: "నిన్న టైల్స్ వేశారు."
మూడు: "రాత్రంతా బండి వానలోనే పడి ఉంది."
నాలుగు: "నా కళ్లజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయాను."
ఐదు: "పాపను ఇప్పుడే ఉయ్యాల్లో పడుకోబెట్టాను."
ఆరు: "కాగితాలు నేలంతా పరుచుకుని ఉన్నాయి."
ఏడు: "రెండు వారాల జ్వరం ఆమెను మంచం పట్టించింది."

ఒకటో వాక్యంలో పడుకోవాల్సింది నేనే, కాబట్టి "ది డాక్టర్ ఆస్క్‌డ్ మీ టు లై ఆన్ మై బ్యాక్". డాక్టర్ నన్ను అన్నాడు కదా, నేను కర్మనే కదా అని లే రాసేవాళ్లున్నారు. ఆ "నన్ను" అనేది అడగడానికి కర్మ, పడుకోవడానికి కాదు. రెండోది వేశారు, టైల్స్‌ను వేశారు, నిన్న, కాబట్టి "దే లెయిడ్ ది టైల్స్ యెస్టర్‌డే". మూడోది పడి ఉంది, గడిచిన రాత్రి, కాబట్టి "ది బైక్ లే ఇన్ ది రెయిన్ ఆల్ నైట్". ఇక్కడ లెయిడ్ రాస్తే ఈ వ్యాసం నాలుగో మెట్టు మళ్లీ చదవండి. నాలుగోది "ఐ హ్యావ్ మిస్‌లెయిడ్ మై గ్లాసెస్". ఐదోది "ఐ హ్యావ్ జస్ట్ లెయిడ్ ది బేబీ ఇన్ ది క్రేడిల్". ఆరోది పరుచుకొను, అందులో "కొను" ఉంది, కాబట్టి "ది పేపర్స్ ఆర్ లైయింగ్ ఆల్ ఓవర్ ది ఫ్లోర్". ఏడోది జ్వరం ఆమెను పడగొట్టింది, కాబట్టి "ఎ టూ-వీక్ ఫీవర్ లెయిడ్ హర్ లో". అదే ఆమె ఎవరికీ కనబడకుండా రెండు వారాలు ఉండిపోయి ఉంటే "షీ లే లో ఫర్ టూ వీక్స్" అవుతుంది.